మౌత్ ఆర్గాన్ మీద బ్లూస్: ఊపిరి వదలడం నేర్చుకున్నాను

పిల్లనగ్రోవి, నాదస్వరం, షెహనాయీ అన్నీ ఊదితే పలికే వాద్యాలు. మౌత్ ఆర్గాన్ ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్‌కు వచ్చేసరికి పీల్చడమే ఎక్కువ. నా ఇబ్బందంతా అక్కడే మొదలైంది.

జర్మనీలోని హోనర్ సంస్థ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్ వంటి పది రంధ్రాల వాద్యాలు అమెరికాలో నల్లజాతి కళాకారుల చేతికి చేరాక కొత్త పలుకు సంతరించుకున్నాయి. సి కీ వాద్యాన్ని, అంటే సి ఆధార స్వరంగా శ్రుతి చేసినదాన్ని, సి లో కాకుండా జి ఆధారంగా వాయించే పద్ధతిని క్రాస్ హార్ప్ అంటారు. ఒకటి నుంచి నాలుగు రంధ్రాల దాకా కలిపి పీలిస్తే నిండైన జి కార్డు, అంటే జి మీద కట్టిన స్వరాల గుత్తి, ఒకేసారి పలుకుతుంది. కింది రంధ్రాల్లో స్వరాన్ని వంచి కిందికి జార్చే బెండ్‌లు కూడా పీల్చినప్పుడే దొరుకుతాయి. అంటే బ్లూస్‌కు ప్రాణమైన స్వరాలన్నీ లోపలికి వెళ్లే గాలిలోనే ఉన్నాయి.

నాకు తోడుగా గిటార్ వాయించే మా తమ్ముడు, "అక్కా, ప్రతిసారీ అయిదో బారు దగ్గరే తడబడుతున్నావు, ఆయాసం వస్తోందా?" అని అడిగాడు. బారు అంటే నాలుగు తాళపు దెబ్బల ముక్క. ఆయాసం లాగానే ఉండేది. గుండెల నిండా గాలి పీల్చుకుని మొదలుపెడితే ఇంకా తొందరగా ఛాతీ బిగుసుకునేది. బ్లూస్ పాటలో తిరిగి తిరిగి వచ్చే పన్నెండు బార్ల వరుసను కాగితం మీద రాసుకుని చూస్తే సంగతి తేలింది. మొదటి నాలుగు బార్లూ జి కార్డే, దాదాపు అంతా పీల్చడమే. అప్పటికి ఊపిరితిత్తుల్లో ఇంకో గుక్కకు చోటుండదు. నాకు కావలసింది గాలి కాదు, ఖాళీ.

అప్పటి నుంచి సగం ఊపిరి వదిలేశాకే మొదటి స్వరం అందుకుంటున్నాను. అయిదు, ఆరు బార్లలో వచ్చేది సి కార్డు, అది ఊదితే పలుకుతుంది. ఇదివరకు దాన్ని పైపైన ఊది వదిలేసేదాన్ని. ఇప్పుడు పొట్ట లోపలికి పోయేదాకా ఊదుతాను. పదబంధాల మధ్య దొరికే చిన్న విరామాల్లో పెదవులు తీయకుండానే ముక్కుతో గాలి బయటికి పంపేస్తాను. బ్లూస్ మౌత్ ఆర్గాన్ కళాకారుడు రెండో సానీ బాయ్ విలియమ్సన్ (అదే పేరున్న ఇద్దరిలో రెండోవాడు) రికార్డులు వింటే చిన్న చిన్న పలుకులు, వాటి మధ్య ఖాళీలు వినిపిస్తాయి. ఆ ఖాళీల విలువ నాకు ఊపిరి ద్వారానే అర్థమైంది.

దీనికి నాకు బాగా పనికొచ్చిన సాధన రైలు చప్పుడు. మౌత్ ఆర్గాన్ కళాకారుడు డిఫోర్డ్ బెయిలీ 1927లోనే రైలు పరుగును మౌత్ ఆర్గాన్ మీద రికార్డు చేశాడు. కింది మూడు రంధ్రాల మీద రెండు పీల్పులు, రెండు ఊదులు. లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని, ఛాతీ కదలకుండా పొట్టతోనే. లోపలికి వెళ్లిన గాలీ బయటికి వచ్చిన గాలీ సరిసమానంగా ఉంటే ఎంతసేపైనా అలసట రాదు.

ఇక స్వరం నునుపు విషయం. రెండో రంధ్రం పీలిస్తే చాలామందికి గొంతు నొక్కినట్టు మూలుగు వస్తుంది, రీడు (గాలికి కంపించి పలికే లోహపు రేకు) పాడైందేమో అనిపిస్తుంది. నిజానికి నోటి లోపల చోటు ఇరుకై, గాలిని బలంగా లాగడం వల్ల అలా జరుగుతుంది. దవడ దించి, ఆవులింత వస్తున్నట్టు గొంతు తెరిచి, మొదట ఉత్త గాలి చప్పుడు మాత్రమే వినిపించేంత మెల్లగా పీల్చాలి. రీడు తనంతట తాను మేలుకుంటుంది. ముక్కు గుండా గాలి కారుతోందేమో తెలుసుకోవడానికి పీలుస్తూనే ముక్కు మూసి చూడండి. స్వరం ఒక్కసారిగా చిక్కబడితే కారుతున్నట్టే. నాకు బాగానే కారుతుండేది.

స్వరం నిలబడ్డాక రెండు, మూడు, నాలుగు రంధ్రాలను ఒకే పీల్పులో దాటడం మొదలుపెట్టాను. స్వరం మారినప్పుడల్లా ఊపిరిని తెంపకూడదు. దారం తెగకుండా పూలు గుచ్చినట్టు ఊపిరి సాగుతూనే ఉండాలి, కదిలేది చేతిలోని వాద్యం మాత్రమే. మూడో రంధ్రం దగ్గరే ఎక్కువ కాలం గడిపాను. అది మూడు అర్ధస్వరాల దాకా వంగుతుంది, మధ్యలో ఎక్కడా నిలవనంటుంది. గట్టిగా లాగితే జారిపోతుంది. నాలుక వెనుక భాగాన్ని కొద్దికొద్దిగా దించుతూ, గాలి వేగం మారకుండా చూసుకుంటేనే నిలుస్తుంది.

తమ్ముడు వేగం పెంచితే ముక్కుతో వదిలే తీరిక దొరకదు. ఏడు, ఎనిమిది బార్లలో మళ్లీ జి వస్తుంది కాబట్టి అక్కడ ఒకచోట రెండో రంధ్రం పీల్చే బదులు మూడో రంధ్రం ఊదుతున్నాను. రెండూ ఒకే జి స్వరం. పీల్చినప్పుడు వచ్చే జీర కాస్త తగ్గుతుంది కానీ, పీల్పుతో మొదలయ్యే తొమ్మిదో బారులోని డి కి ఛాతీలో చోటు మిగులుతుంది.