మొదట విరిగింది ఏది?

తొమ్మిదో తరగతిలో ఉండగా నేను మొదటిసారి బాల్సా అనే తేలికపాటి చెట్టు కర్రను చేతపట్టుకున్నాను. ఇప్పుడు అదే బడిలో, సైన్సు గది వెనకాల ఉన్న అదే వరండాలో, బెంగళూరు నుంచి కర్నూలుకు వచ్చిన ప్రతి సెలవులోనూ బాల్సా కట్టడాల పోటీకి సిద్ధమయ్యే పిల్లల జట్లకు తోడుగా కూర్చుంటున్నాను. ఈ రెండింటి మధ్య కాలంలో సివిల్ ఇంజనీరింగు చదివి, కట్టడాల లెక్కలు వేసే ఉద్యోగంలో చేరాను. అయినా బరువు మోసే కట్టడాన్ని ఎలా చూడాలన్నది మాత్రం మా సైన్సు సార్ ఆ వరండాలో నేర్పినదే. పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు నాకు ఇంకే విషయమూ తోచలేదు.

ఈ పోటీ గురించి వినని పాఠకుల కోసం దాని స్వరూపం ముందుగా చెప్పాలి. చేతికి ఇచ్చేది 1/8 అంగుళం మందం, అంతే వెడల్పు ఉన్న బాల్సా కర్రలు, జిగురు. అంతకుమించి మేకు గానీ దారం గానీ వాడకూడదు. వాటితో జానెడు ఎత్తున్న గోపురం లాంటి కట్టడాన్ని నిలబెట్టి, దాని మీద బరువులు ఒక్కొక్కటిగా పేరుస్తూ పోవాలి. 1978లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆచార్యుడు శామ్యూల్ మిక్లస్ చొరవతో మొదలైన ‘ఒడిస్సీ ఆఫ్ ది మైండ్’ పోటీల్లో ఈ బాల్సా విభాగానికి పెద్ద పేరుంది. అక్కడ చాలా ఏళ్లపాటు కట్టడం ఎత్తు కనీసం 8 అంగుళాలు, బరువు 18 గ్రాములు మించకూడదన్నది నియమం. ఆ 18 గ్రాముల కట్టడాలే వెయ్యి పౌన్లకు పైగా, అంటే 450 కిలోలకు మించి మోసిన సందర్భాలున్నాయి. మన పిల్లలు వెళ్లే పోటీల నిబంధనలు కూడా దాదాపు అదే మూసలో ఉంటాయి.

బాల్సా మన నేల చెట్టు కాదు. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్‌లో పెరుగుతుంది. అయితే వృక్షశాస్త్రం ప్రకారం ఇది మనకు పరాయిదేమీ కాదు. మన ఆదోని పొలాల్లో పండే పత్తి, ఊరి చివర కనిపించే బూరుగు, ఇంటి ముందరి మందారం ఉన్న కుటుంబంలోదే ఇదీ. దాని కాయలోనూ బూరుగుకాయలో ఉన్నట్టే దూది ఉంటుంది. నాటిన ఆరేడేళ్లకే కోతకు వచ్చేంత వేగంగా ఎదిగే ఈ చెట్టు కలప ఘనపు సెంటీమీటరుకు సుమారు 0.16 గ్రాములే తూగుతుంది, అంటే నీటి బరువులో ఆరో వంతు. 1947లో నార్వే దేశస్థుడు థోర్ హెయర్డాల్ పెరూ తీరం నుంచి పాలినీషియా దీవుల దాకా 101 రోజులు ప్రయాణించిన తెప్ప ఈ బాల్సా దుంగలతో కట్టినదే. గాలిమరల రెక్కల లోపలి పొరల్లో నేటికీ దీన్ని వాడుతున్నారు.

సార్ పద్ధతి వేరుగా ఉండేది. కట్టడం ఎలా కట్టాలో ఆయన ఏనాడూ బోర్డు మీద గీసి చూపలేదు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వ్యాపారి ఒకరి దగ్గర అరువు తెచ్చిన అయిదు కిలోల తూకపు రాళ్లను వరుసగా పెట్టించి, మేము కట్టిన దాన్ని మా చేతనే విరగ్గొట్టించేవారు. కట్టడం కింద పాత దినపత్రిక పరిచి ఉండేది. ప్రతి కర్ర మీదా పెన్సిలుతో అంకె వేయించేవారు. రాయి తర్వాత రాయి ఎక్కుతున్న కొద్దీ అందరి మాటలూ ఆగిపోయేవి. ముందు ఎక్కడో ఒక చిన్న ‘చిటుకు’ వినిపించేది, ఆ మరుక్షణంలో పలకా రాళ్లూ కలిసి కిందికి దిగిపోయేవి. మేము ఎన్ని కిలోలు మోసిందో లెక్కపెట్టుకునే తొందరలో ఉంటే, ఆయన కాగితం పక్కన గొంతుక్కూర్చుని ఒకే మాట అడిగేవారు: “మొదట ఏది పోయిందిరా?”

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక పూట పట్టేది. విరిగిన ముక్కలన్నీ ఏరి, అంకెల ప్రకారం కాగితం మీద మళ్లీ వరసగా పేర్చేవాళ్లం. కూలిన కట్టడంలో ఒక్కటే కారణం, మిగిలినవన్నీ దాని పర్యవసానాలు. కాబట్టి విరిగిన ఇరవై ముక్కల్లో పంతొమ్మిదింటిని నిర్దోషులుగా తేల్చాలి. కర్ర నడుము దగ్గర విల్లులా వంగి విరిగితే, అది మధ్యలో ఆసరా లేక పక్కకు ఒరిగిందని అర్థం. కొన దగ్గర పీచు నలిగి కుంగితే, ఆ కాలు కింద సరిగా ఆనలేదనో, బరువంతా దాని మీదే పడిందనో అర్థం. అతుకు ఊడిన చోట ఇంకా జాగ్రత్తగా చూడాలి. జిగురు నున్నగా, మెరుస్తూ, అద్దంలా ఉంటే ఆ అతుకు కర్రను అసలు పట్టుకోనేలేదు. జిగురుకు కర్ర పీచు అంటుకుని చీలి వచ్చి ఉంటే, జిగురు తన పని తాను చేసింది, కర్రే ఓడిపోయింది. ఈ తేడాను బొటనవేలి గోటితో తడిమి చెప్పడం నేర్చుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఈనాటి పిల్లలకు ఫోనులో స్లో మోషన్ ఉంది కనుక మొదటి చిటుకు ఎక్కడ పుట్టిందో వెనక్కి తిప్పి చూసుకుంటారు. అయినా నేను ముందు ముక్కల్ని చూసి ఊహించమంటాను, వీడియో ఆ తర్వాతే.

సన్నని స్తంభం ఎంత బరువుకు పక్కకు ఒరుగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని స్విట్జర్లాండు గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1744లో ప్రచురించాడు. దాని ప్రకారం స్తంభం పొడవు సగమైతే అది మోసే బరువు నాలుగింతలవుతుంది. మధ్యరకం బాల్సా కర్రను 8 అంగుళాల పొడవున ఏ ఆసరా లేకుండా నిలబెడితే సుమారు 700 గ్రాములకే నడుము వంచేస్తుంది. అడ్డకర్రలూ ఐమూల కర్రలూ వేసి రెండేసి అంగుళాలకు ఒకచోట కదలకుండా పట్టి ఉంచితే, అదే కర్ర పదహారింతలు, అంటే 11 కిలోల దాకా మోస్తుంది. ఈ లెక్క వేసి చూపించిన రోజున ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వెంటనే, “అయితే అంగుళానికొకటి వేస్తే అరవైనాలుగింతలు మోస్తాది గదన్నా!” అన్నాడు. తర్కం ప్రకారం తప్పులేని మాట. నేను జవాబు చెప్పకుండా, చేసి చూడమన్నాను. జట్టు వాళ్లు నాలుగు అంగుళపు ముక్కలు కోసి, రెండు చెక్కపలకల మధ్య నాలుగు మూలలా నిలబెట్టి, పైన రాళ్లు పేర్చారు. ఆ పిల్లవాడి లెక్క ప్రకారం నాలుగూ కలిసి నూట ఎనభై కిలోలు మోయాలి. యాభై కిలోలకు కాస్త ముందే నాలుగూ వంగకుండానే నలిగిపోయాయి. కర్రకు నలిగే హద్దు ఒకటుంది, అది ఒక్కో దానికి 12 కిలోల దగ్గర ఉంది, దాన్ని పొడవు తగ్గించి దాటలేము. రెండంగుళాలకన్నా దగ్గరగా అడ్డకర్రలు వేస్తే కట్టడానికి బలం పెరగదు, బరువే పెరుగుతుంది. ఆ సాయంత్రం ఆ జట్టు తమ పాత బొమ్మలోని అడ్డకర్రల్లో సగం రబ్బరుతో తుడిచేసి, ఆ మిగిలిన గ్రాముల్ని కాళ్లకు రెండో కర్ర జోడించడానికి ఖర్చుపెట్టింది. నేను ముందే ఆ మాట చెప్పి ఉంటే నోటు పుస్తకంలో ఒక వాక్యంగా మిగిలిపోయేది.

మా కాలంలో సార్ మమ్మల్ని హంద్రీ నది గట్టుకు నడిపించుకు వెళ్లేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కె.సి. (కర్నూలు–కడప) కాలువను హంద్రీ మీదుగా దాటించే రాతి కట్టడం అక్కడ ఉంది. కమాను రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడి ఉంటాయి. వాటిని లాగే బలం ఎక్కడా లేదు కనుకనే రాయి అక్కడ అంతకాలం నిలిచింది. అక్కడి నుంచి తిరిగి వస్తూ హైటెన్షన్ కరెంటు స్తంభం కింద ఆపి, తల పైకెత్తి చూడమనేవారు. కిందికి వచ్చే కొద్దీ కాళ్లు ఎడంగా జరగడం, మూల కోణపు ఇనుము లావుగా ఉండి అడ్డపట్టీలు సన్నగా ఉండటం, ఎక్కడ చూసినా త్రికోణాలే తప్ప ఖాళీ చతురస్రం కనిపించకపోవడం మాకు మేముగా చెప్పేదాకా కదలనిచ్చేవారు కాదు. ఓర్వకల్లు దారిలో గని, శకునాల సోలార్ పార్కు వచ్చాక అటువైపు అలాంటి స్తంభాలు బారులు తీరాయి కాబట్టి, ఇప్పుడు నేను జట్లను అటు తీసుకువెళ్తున్నాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మన బడి కింది గదులన్నీ మునిగిన సంగతి మీ అందరికీ తెలుసు. సార్ ఏళ్ల తరబడి అట్టపెట్టెల్లో దాచిన విరిగిన కట్టడాలు, ఒక్కో పెట్టెలో ఏది మొదట పోయిందో రాసిపెట్టిన చీటీలు, జట్ల నోటు పుస్తకాలు అన్నీ ఆ నీళ్లలో పోయాయి. గెలిచిన కప్పులు మాత్రం పై అంతస్తులోని ఆఫీసు గదిలో ఉండటం వల్ల మిగిలాయి. బడికి అసలైన ఆస్తి ఆ పెట్టెలే అని నా నమ్మకం.

జట్టుకు తోడుగా ఉండేవాడు కర్రను ముట్టకూడదు. ‘ఒడిస్సీ’ నిబంధనల్లో బయటివారి సాయాన్ని స్పష్టంగా నిషేధించారు. ఆలోచనా, కట్టడం రెండూ పిల్లలవే కావాలి. ఇది రాసినంత తేలిక కాదు. కళ్లెదుట అతుకు వంకరగా ఆరుతుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. అందుకే నేను వరండాలో గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని కూర్చుంటాను, ప్రశ్నలు మాత్రం అడుగుతాను. ఒక పోటీలో వేరే బడి జట్టు పెద్దవాళ్లు కట్టిన నాజూకైన గోపురాన్ని తెచ్చింది. న్యాయనిర్ణేత ‘ఈ కర్ర ఇక్కడ ఎందుకు పెట్టారు?’ అని అడిగితే ఆ పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్లకు జరిగింది నాకు చాలా అన్యాయమనిపించింది. బహుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా, విరగ్గొట్టుకుని నేర్చుకునే హక్కును వాళ్ల పెద్దలే లాగేసుకున్నారు.

జట్టును మార్కులు చూసి ఎంపిక చేయవద్దని కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులకు నా మనవి. ఇందులో ఎవరి పని వాళ్లకుంది. ఒకరు బంగారు అంగడి నుంచి తెచ్చిన చిన్న త్రాసులో ప్రతి కర్రనూ తూచి, బరువైనవాటిని కాళ్లకూ తేలికైనవాటిని అడ్డకర్రలకూ విడదీయాలి. ఒకరు గ్రాఫ్ కాగితం మీద అసలు కొలతతో బొమ్మ గీసి, జిగురు అంటకుండా పైన పాలిథిన్ కవరు పరిచి, కర్రకు గుచ్చకుండా ఇటొకటి అటొకటి గుండుసూదులు నిలబెట్టాలి. పోయిన ఏడాది జట్టులో ఒక అమ్మాయి ఉండేది. తరగతిలో పెదవి విప్పేది కాదు. గాజుపలకకు గరుకు కాగితం అంటించి, కట్టడాన్ని దాని మీద తలకిందులుగా నిలిపి, ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా తిప్పుతూ నాలుగు కాళ్ల కొనల్నీ సమం చేసేది. మధ్యమధ్య ఆపి, కాళ్ల కింద సిగరెట్ కాగితమంత పలుచని కాగితం జొప్పించి చూసేది. నాలుగు కాళ్ల కిందా అది ఒకే రకంగా ఇరుక్కునే దాకా వదిలేది కాదు. ఆ జట్టు కట్టడం బొమ్మ చూడటానికి మిగతావాటికన్నా సాదాగా ఉండేది, కానీ బరువు నాలుగు కాళ్లకూ సమానంగా పంచుకుంది గనుక అందరికన్నా ఎక్కువ మోసింది.

జిగురు గురించి పిల్లలకు ఎప్పుడూ తొందరే. ఫెవిక్విక్ క్షణాల్లో పట్టేస్తుంది, తెల్ల ఫెవికాల్ రాత్రంతా ఆరాలి. ఆరే లోపు అతుకును సరిచేసుకునే వెసులుబాటు రెండోదానిలో ఉంది కనుక నా మొగ్గు దానివైపే. అగ్గిపుల్ల మొనతో చుక్క పెట్టి, పక్కకు పొంగినదాన్ని ఆరకముందే తుడిచేయాలి, ఎందుకంటే అతుకు బయట ఉన్న జిగురు కట్టడం బరువు పెంచడమే తప్ప దేన్నీ మోయదు. వానాకాలంలో కర్ర గాలిలోని తేమ పీల్చుకుని బరువెక్కుతుంది, బలమూ తగ్గుతుంది. మే నెల కర్నూలు ఎండలో సరిగ్గా 18 గ్రాములు తూగిన కట్టడం ఆగస్టు ముసురులో హద్దు దాటిపోవచ్చు. అందుకని అరగ్రాము అయినా వెసులుబాటు ఉంచుకుని, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసిన స్టీలు డబ్బాలో కట్టడాన్ని తీసుకువెళ్లడం ఇప్పుడు జట్లకు అలవాటైంది.

ఇప్పుడు సైన్సు గదిలో మళ్లీ అట్టపెట్టెలు పేరుస్తున్నాం. ప్రతి పెట్టె మీదా మోసిన బరువు కన్నా పెద్ద అక్షరాలతో మొదట పోయిన కర్ర అంకె రాయిస్తున్నాం. 2009కి ముందు ఆ వరండాలో కూర్చున్న మిత్రుల దగ్గర, ముఖ్యంగా ఊళ్లు మారేటప్పుడు నోటు పుస్తకాలు వెంట తీసుకుపోయిన వాళ్ల దగ్గర, ఆనాటి బొమ్మలు గానీ సార్ చేతిరాత చీటీలు గానీ మిగిలి ఉంటే, వాటి నకళ్లు బడి ఆఫీసుకు పంపండి. ఇప్పటి పిల్లలు వాటిని చూసి అదే కట్టడాన్ని మళ్లీ కట్టి, సార్ రాసిన జవాబు సరైనదో కాదో తామే విరగ్గొట్టి తేల్చుకుంటామంటున్నారు.