ఎర్రమట్టి, పైన కప్పు

ఈస్టర్ సోమవారం సెలవు కలిసొచ్చి జర్మనీలో 2025 స్టుట్‌గార్ట్ మహిళల టెన్నిస్ ఫైనల్ కళ్ళారా చూశాను. ఒస్టాపెంకో, సబలెంకా. మట్టి కోర్టు అంటే ఎండ, గాలి, దుమ్ము అనుకునేదాన్ని. ఇక్కడ అవేవీ లేవు. పోర్షే అరీనా హాల్లో మట్టి పరిచారు. 2009 నుంచీ ఇలాగే. కప్పు కింద బంతి దెబ్బ గుండెలో మోగినట్టుంటుంది. టీవీలో ఆ చప్పుడు సగం కూడా రాదు. కాలు జారించి ఆగినప్పుడు వచ్చే ఆ బరబర మాత్రం... ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఒస్టాపెంకో ఆగలేదు. 6-4, 6-1. నేను సబలెంకా వైపు. ఆవిడకి ఇక్కడ ఇది నాలుగో ఫైనల్ ఓటమి (2021, 22, 23లో కూడా!). గెలిచినవాళ్ళకి ఇచ్చే పోర్షే కారు అక్కడే మెరుస్తూ నిలబడి ఉంటుంది, పాపం, కళ్ళెదురుగా.

రాత్రి అమ్మకి ఫోన్‌లో చెప్తే మొత్తం విని, "నాలుగుసార్లా? పోన్లేవే, అంత ఆడే పిల్ల ఆ కారేదో తనే కొనుక్కోగలదులే" అంది.