చలానా కట్టే ముందు ఆ ఫోటో ఒకసారి ఓపెన్ చేయండి

హైదరాబాద్‌లో బండి నడిపే ఎవర్నైనా పట్టుకుని నీ బండి మీద చలానాలెన్ని అని అడగండి, టక్కున ఒక నంబర్ చెప్తారు, మొత్తం ఎంతయింది అంటే అదీ చెప్తారు, ఎందుకు పడ్డాయి అంటే మాత్రం "హెల్మెట్ అనుకుంటా" అంటారు. అనుకుంటా ఏంటండీ, కట్టేది మీ డబ్బే కదా. కిరాణా కొట్టు బిల్లులో పది రూపాయలు తేడా వస్తే చీటీ అటు తిప్పి ఇటు తిప్పి చూసే మనం, వెయ్యి రూపాయల చలానా మాత్రం ఫోన్‌లో అమౌంట్ చూసి అబ్బా అనుకుని కట్టేస్తాం, లేదా కట్టకుండా వదిలేస్తాం, రెండూ చూడకుండానే.

ముందు చూడటం ఎలాగో చెప్తా, తెలిసినవాళ్లు ఈ ముక్క దాటేయండి. తెలంగాణలో పడిన చలానాలు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో ఉంటాయి. చూసేముందు ఆర్సీ పక్కన పెట్టుకోండి, ఎందుకంటే ఇలాంటి సైట్లలో బండి నంబర్‌తో పాటు ఇంజన్ నంబరో ఛాసిస్ నంబరో చివరి అంకెలు కూడా అడుగుతుంటారు, అప్పుడు లేచి బీరువా వెతుక్కునే పని ఉండదు. నంబర్ కొట్టాక ఒక టేబుల్ వస్తుంది. యూనిట్ పేరు అంటే హైదరాబాదా సైబరాబాదా ఏ కమిషనరేట్ వాళ్లు వేశారో, చలానా నంబర్, తేదీ, టైం, ఎక్కడ పట్టుకున్నారు, ఏ పోలీస్ స్టేషన్ పరిధి, ఏం తప్పు, ఫైన్ ఎంత, యూజర్ ఛార్జీలు ఎంత, టోటల్. ఇవన్నీ అయ్యాక చివర్లో ఇమేజ్ అని చిన్న లింక్ ఉంటుంది చూడండి, ఈ పోస్టంతా దాని కోసమే.

ఆ ఫోటో ఎక్కువగా వెనకనుంచి తీసిందే ఉంటుంది. సిగ్నల్ దగ్గరో ఫ్లైఓవర్ దిగేచోటో కానిస్టేబుల్ గారు కెమెరా పట్టుకుని ఉంటారు, మనం ఆయన్ని చూసేలోపే దాటిపోయుంటాం. ఫోటోలో మొదట చూడాల్సింది నంబర్ ప్లేట్, అది మీదేనా అని, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. మట్టి పట్టిన ప్లేటయినా, స్టైల్‌గా వంకరగా రాయించుకున్న ప్లేటయినా 3 కాస్తా 8 అవుతుంది, బి కూడా 8 లాగే కనిపిస్తుంది, ఎవడి బండి మీద పడాల్సిందో మీ బండి మీద పడుతుంది. తర్వాత బండి మోడల్, రంగు చూడండి. ఆ తర్వాత తేదీ, టైం, ప్లేస్, ఆ రోజు ఆ టైంకి మీరు అక్కడ ఉండే ఛాన్స్ ఉందా అసలు. చివరికి తప్పు, అంటే వాళ్లు రాసింది ఫోటోలో కనిపిస్తోందా. పిలియన్ హెల్మెట్, అంటే వెనక కూర్చున్నవాళ్లకి హెల్మెట్ లేదని రాశారు, ఫోటోలో వెనక సీటు మీద మనిషే లేకపోతే అది అడగాల్సిన విషయమే కదా. స్పీడ్ చలానా అయితే లేజర్ గన్ ఫోటో మీదే మీరు ఎంత స్పీడ్‌లో వెళ్లారో ఉంటుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి రెండు లేన్లకి 120, బయటి రెండు లేన్లకి 80 అని లిమిట్ వేరువేరుగా పెట్టారు కాబట్టి మీరు ఏ లేన్‌లో ఉన్నారో కూడా చూసుకోండి.

ఇదంతా నాకెందుకు పట్టింది అంటే మా బావ వల్ల. బావకి నల్ల స్ప్లెండర్ ఉంది, పొద్దున బోడుప్పల్‌లో ఇంట్లోంచి తీస్తే సాయంత్రం మళ్లీ ఇంట్లో పెడతాడు, రోజూ అదే రూట్. ఆయన ఫోన్‌కి వరసగా ఆ రూట్‌లోనే లేని మెహదీపట్నం వైపు చలానాలు, ట్రిపుల్ రైడింగ్ అని, రాంగ్ సైడ్ అని. "ఏరా, నేను ఈ వయసులో ట్రిపుల్స్ వెళ్తానా, మీ అక్క చంపేస్తుంది" అని నవ్వుతూనే చెప్పాడు గానీ లోపల భయపడ్డాడు. అప్పటికే ఒకటి కట్టేశాడు కూడా, ఎందుకొచ్చిన గొడవ అని. నేను కూర్చుని ఫోటోలు ఒక్కొక్కటి తెరిచి జూమ్ చేస్తే అది స్ప్లెండరే కాదు, తెల్ల స్కూటీ, మీద ముగ్గురు కుర్రాళ్లు, చివర కూర్చున్నవాడు ప్లేట్ మీదకి కాలు వేలాడేసి ఉన్నాడు, అయినా నంబర్ క్లియర్‌గా కనిపిస్తోంది, అచ్చం బావ నంబరే. ఎవడో ఊహించుకుని ఒక నంబర్ రాయించుకున్నాడు, అది మా బావది అయింది. ఇక్కడ చలానా సంగతి వదిలేయండి, ఆ స్కూటీ ఎవరినైనా గుద్ది పారిపోతే పోలీసులు మొదట వచ్చేది మా అక్కావాళ్ల ఇంటికే.

ఇలాంటప్పుడు కట్టేసి చేతులు దులుపుకోవడం అన్నిటికంటే తెలివితక్కువ పని, ఎందుకంటే కట్టారంటే ఒప్పుకున్నట్టే. ఈ-చలాన్ సైట్‌లోనే కంప్లైంట్ పెట్టే ఆప్షన్ ఉంటుంది, చలానా నంబర్ ఇచ్చి, మీ అసలు బండి ఫోటో వెనకనుంచి ప్లేట్ కనిపించేలా ఒకటి, పక్కనుంచి ఒకటి, ఆర్సీ కాపీ రెడీగా పెట్టుకోండి. ఆర్సీలో మేకర్ పేరు, మోడల్, రంగు అన్నీ ఉంటాయి కాబట్టి తెల్ల స్కూటీకి నల్ల స్ప్లెండర్‌కి తేడా చూపించడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నంబర్ ఎంట్రీలో పొరపాటు అయితే దాంతో సరిపోతుంది, డూప్లికేట్ ప్లేట్ అయితే మాత్రం ఆన్‌లైన్ కంప్లైంట్‌తో ఆగకండి, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. బావ చేత అదే చేయించాను, ఆ రసీదు ఇప్పటికీ ఆయన పర్సులో ఆర్సీతో పాటే ఉంటుంది.

ఇంకో విషయం, కెమెరాలతో చలానాలు వేయడానికి రూల్స్ ఉన్నాయి. 2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహనాల రూల్స్‌లో దీన్ని చేర్చింది. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి, అందులో ఫోటో, ప్లేస్, తేదీ, టైం ఉండాలి, కేసు తేలేదాకా ఆ రికార్డు దాచి ఉంచాలి అని. అంటే ఫోటో చూపించమనడం మనం వాళ్లని బతిమాలుకునే విషయం కాదు.

రేట్ల గురించి జనం రోజూ కొట్టుకుంటుంటారు కాబట్టి అది కూడా. 2019 సెప్టెంబర్ 1 నుంచి కేంద్రం కొత్త చట్టం అమల్లోకి తెచ్చినప్పుడు హెల్మెట్ లేకపోతే 1000, లైసెన్స్ లేకపోతే 5000, ఇన్సూరెన్స్ లేకపోతే 2000, మైనర్‌కి బండి ఇస్తే 25000 అని వాట్సాప్‌లో లిస్టులు తిరిగాయి గుర్తుందా, అవి నిజమే గానీ స్పాట్‌లో కట్టి వదిలించుకునే కాంపౌండింగ్ ఫీజు ఎంతో పెట్టుకునే హక్కు రాష్ట్రాలకి ఉంది, తెలంగాణ అప్పుడు ఆ రేట్లు తీసుకోలేదు. అందుకే మనకి చాలాకాలం హెల్మెట్ చలానా అంటే 100 ప్లస్ 35 యూజర్ ఛార్జీలు, 135 అని నోటికి వచ్చేసింది. ఆంధ్రా వాళ్లకి అలా లేదు, అక్కడ 2025 మార్చి నుంచి హెల్మెట్ లేకపోతే 1000. విజయవాడ నుంచి వచ్చిన మా ఫ్రెండ్ ఒకడు మన రేట్లు చూసి "ఇది ఫైనా టీ ఖర్చా" అన్నాడు. వాడికి నా సమాధానం ఏంటంటే ఫైన్ తక్కువని తల గట్టిపడదు, హెల్మెట్ పెట్టుకో ముందు.

రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సంక్రాంతికి తెలంగాణ బండి వేసుకుని గుంటూరో ఏలూరో వెళ్లారు, అక్కడ ఒక కెమెరా పట్టుకుంది, అది తెలంగాణ సైట్‌లో కనిపించదు. తిరిగొచ్చి ఇక్కడ చూసి నిల్ ఉందని సంబరపడితే ఎలా. ఆంధ్రా చలానాలు విడిగా చూసుకోవాలి, కేంద్రం పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో కూడా ఒకసారి చూడండి, అక్కడ చలానా నంబర్‌తో గానీ, లైసెన్స్ నంబర్‌తో గానీ, బండి నంబర్ ప్లస్ ఇంజన్ లేదా ఛాసిస్ చివరి 5 అంకెలతో గానీ వెతకొచ్చు. బెంగళూరులో ఉండే మనవాళ్లకి కర్ణాటక పోలీసులది ఇంకోటి.

ఇక డిస్కౌంట్. ఇది చెప్తే కొంతమందికి నా మీద కోపం వస్తుంది, రానివ్వండి. 2022 మార్చిలో మొదటిసారి పెద్దగా ఇచ్చారు, బైకులు ఆటోలు 25 శాతం కడితే చాలు, కార్లు 50 శాతం, కరోనా టైంలో మాస్క్ లేదని వేసిన 1000కి 100, నెలరోజులు అన్నారు, ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. మళ్లీ 2023 డిసెంబర్ 26న ఇంకా ఉదారంగా, బైకులు ఆటోలకి 80 శాతం తగ్గింపు, కార్లు లారీలకి 60, ఆర్టీసీ బస్సులకి 90, జనవరి 10 లాస్ట్ డేట్ అన్నారు, అది జనవరి 31 అయింది, తర్వాత ఫిబ్రవరి 15 అయింది. దీంతో జనానికి ఏం అర్థమైందంటే కట్టకూడదు, ఆగాలి, ఆషాఢం సేల్ లాగా అదే వస్తుంది అని. టైంకి కట్టినవాడు పిచ్చోడు అయ్యాడు. కర్ణాటకలో కూడా 2023 ఫిబ్రవరిలో 50 శాతం ఇస్తే జనం ఎగబడి కట్టారు. గవర్నమెంట్‌కి ఒక్కసారిగా కోట్లు వచ్చాయి నిజమే, కానీ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవాడికి భయం పోయింది, ఆ రోడ్డు మీద నేనూ నడపాలి కదా. పైగా డిస్కౌంట్ వచ్చిందని తెలియగానే ఫోటోలు చూడటం అసలే మానేస్తారు, ఎవడిదో చలానా అయినా సరే "రెండొందలే కదా" అని కట్టేస్తారు.

ఈ ఆత్రం మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. ప్రతి రెండు మూడు నెలలకీ లోక్ అదాలత్‌లో డిస్కౌంట్ అనో, లాస్ట్ ఛాన్స్ అనో ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, పోలీసులు ప్రకటించారా లేదా చూడకుండా లింక్ నొక్కొద్దు. ఇంకా ప్రమాదం ఏంటంటే ఆర్టీవో చలాన్ అనే పేరుతో వచ్చే ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే అది మీ మెసేజ్‌లు చదవడం మొదలుపెడుతుంది, ఓటీపీ వాళ్లకి వెళ్తుంది, అకౌంట్ ఖాళీ. పోలీసులు ఎవరికీ వాట్సాప్‌లో యాప్ ఫైల్ పంపరు, అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే అది వాళ్ల సైట్ కాదు. పొరపాటున డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. ఇంజన్ సౌండ్ వింటారు, టైర్లు నొక్కి చూస్తారు, మెకానిక్‌ని వెంట తీసుకెళ్తారు, చలానాలు మాత్రం అమ్మేవాడి నోటి మాట మీద నమ్ముతారు. బేరం ఆడే చోటే నిలబడి ఫోన్‌లో నంబర్ కొట్టండి, పెండింగ్ ఉంటే అక్కడే కట్టించండి లేదా రేటులో తగ్గించుకోండి. అమ్మేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి డబ్బులు తీసుకుంటే అయిపోలేదు, ఆర్టీఏ రికార్డులో పేరు మారేదాకా ఆ బండి మీ పేరు మీదే ఉంటుంది. కొన్నవాడు చేసే సిగ్నల్ జంపింగ్ మెసేజ్‌లన్నీ మీ ఫోన్‌కే వస్తాయి. అది చిన్న సంగతి, యాక్సిడెంట్ కేసుల్లో రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

డ్రంక్ అండ్ డ్రైవ్ వీటిలో కలపకండి, అది ఫోన్‌లో కట్టేసే రకం కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, ఇంట్లోవాళ్లని వెంటపెట్టుకుని గోషామహల్లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కి కూర్చోవాలి, తర్వాత కోర్టు. మొదటిసారికే చట్టంలో 10000 దాకా ఫైన్, 6 నెలల దాకా జైలు ఉన్నాయి.

ఫోటో చూశారు, తప్పు మనదే అని తేలింది, ఇక కట్టేయండి, సాగదీయొద్దు. సైట్‌లోనే కార్డుతోనో యూపీఐతోనో కట్టొచ్చు, పేమెంట్ యాప్‌లలో కూడా చలానా ఆప్షన్ ఉంటుంది, ఫోన్‌లో ఇవన్నీ చేతకాని మన నాన్నలూ బాబాయిలూ మీసేవకి వెళ్లి కట్టొచ్చు. యాప్‌లో కడితే ముందు సైట్‌లో ఫోటో చూసుకుని తర్వాత యాప్‌కి రండి. కట్టాక రసీదు సేవ్ చేసి పెట్టుకోండి, ట్రాన్సాక్షన్ నంబర్ కనిపించేలా. మధ్యలో డబ్బు కట్ అయి స్టేటస్ పెండింగ్ అనే చూపిస్తే వెంటనే రెండోసారి కట్టకుండా ఒక రోజు ఆగి మళ్లీ చూడండి, ఈలోపు చెక్ పోస్ట్ దగ్గర ఆపి ట్యాబ్‌లో పెండింగ్ ఉందంటే వాదన పెట్టుకోకుండా ఆ రసీదు చూపించండి చాలు.