స్కాన్‌లో కనిపించని గాయం

ఈ రోజు పోస్టుమార్టాలు తక్కువగా ఉండటంతో, కణజాలాన్ని కుళ్లకుండా గట్టిపరిచే ఫార్మలిన్ ద్రవం బకెట్టులో దారంతో వేలాడదీసిన మెదడును కోయడానికి తీరిక దొరికింది. పది శాతం ఫార్మలిన్‌లో రెండు మూడు వారాలు ఉంటే గానీ మెదడు కత్తికి నిలవదు. పచ్చిగా కోస్తే జున్నులా విరిగి, చూడవలసిన చిన్న మచ్చలే చెదిరిపోతాయి.

అది ఓర్వకల్లు వైపు మోటారుసైకిలు మీద నుంచి పడిన ఒక యువకుడిది. పడిన క్షణం నుంచి స్పృహ లేదు; కర్నూలులోనే రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి చనిపోయాడు. పుర్రె పగలలేదు, సీటీలో రక్తపు గడ్డ లేదు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారు కద సార్, మరి మావోడు ఎట్ల పోయినాడు?" అని పంచనామా నాడు అతని అన్న అడిగాడు. ఎస్సై గారి సందేహమూ అదే.

తల వేగంగా తిరిగి ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడులోని భాగాలన్నీ ఒకే వేగంతో కదలవు. వాటి మధ్య సాగిన ఆక్సాన్లలో, అంటే నాడీకణాల సంకేతాలు మోసే సన్నని పోగుల్లో, చాలా వరకు అప్పటికప్పుడు తెగవు. లోపలి రవాణా నిలిచిపోయి, గంటల తరబడి ఉబ్బి, ఆ తరువాతే తెగుతాయి. తలదెబ్బ తిని తీవ్రమైన మతిభ్రంశంతో మిగిలిన వారి మెదళ్లలో ఆక్సాన్ల కట్టలుండే తెల్ల పదార్థం విస్తారంగా క్షీణించడాన్ని సబీనా స్ట్రిచ్ 1956లోనే వర్ణించారు. డిఫ్యూజ్ ఆక్సోనల్ ఇంజురీ అనే ఈ గాయాన్ని తీవ్రతను బట్టి మూడు స్థాయిలుగా విభజించిన ఆడమ్స్ బృందం పత్రం 1989లో వచ్చింది.

కోసి చూస్తే మెదడు రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కలోసంలో, మధ్యరేఖకు కాస్త పక్కగా, ఆవగింజంత రక్తపు చుక్కలు గుంపుగా ఉన్నాయి. మెదడు కాండం పై భాగమైన మిడ్‌బ్రెయిన్‌లో వెనుక వైపు, పక్కకు, మరొకటి కనిపించింది. మెదడు కాండం దాకా ఉంది కనుక, మైక్రోస్కోప్ స్లైడులో రుజువైతే ఇది అన్నిటికన్నా తీవ్రమైన మూడవ స్థాయి. అయితే స్లైడులకు మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ రంగులో ఆక్సాన్ల చివరలు గులాబీ ఉండలుగా కనబడాలంటే మనిషి దెబ్బ తరువాత దాదాపు ఒక రోజైనా బతికి ఉండాలి. దెబ్బతిన్న ఆక్సాన్లలో పేరుకునే ప్రోటీన్‌ను మరకగా చూపే బీటా ఏపీపీ పరీక్ష రెండు మూడు గంటలకే పట్టిస్తుంది గానీ, ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు. రోడ్డు మీదే ప్రాణం పోయినవారిలో ఏ రంగూ ఏమీ చూపదు; అటువంటి కేసులో "ఆక్సాన్ల గాయం లేదు" అని రాసే నివేదికలు చూసినప్పుడల్లా నాకు చిరాకే, ఎందుకంటే అక్కడ కనబడటానికి కావలసిన వ్యవధే లేదు.

ఈ యువకుడి విషయంలో చిక్కు వేరు. మెదడు వాచి రక్తం అందకపోయినా ఆక్సాన్లు ఉబ్బుతాయి, బీటా ఏపీపీ కూడా పేరుకుంటుంది. రక్తం అందనిచోట ఆ మరక వంకరటింకర గీతలా, చచ్చిన కణజాలం అంచు వెంట సాగుతుంది. దెబ్బ వల్లనైతే తెల్ల పదార్థంలో విడివిడిగా, చిన్న కట్టలుగా చెల్లాచెదురై ఉంటుంది. ఒక్క చోటి ముక్కతో ఆ తేడా తేలదు కనుక కార్పస్ కలోసం ముందు, వెనుక భాగాల నుంచి, మెదడు లోతులో ఆక్సాన్ల కట్టలు సాగే ఇంటర్నల్ క్యాప్సూల్ నుంచి రెండు వైపులా, మిడ్‌బ్రెయిన్, దాని కిందనుండే పాన్స్‌ల నుంచి ముక్కలు తీయించి, దెబ్బకూ మరణానికీ మధ్య గడిచిన గంటలు, వెంటిలేటర్ సంగతి లేఖలో రాసి పెథాలజీకి పంపాను. మరణ కారణంపై తుది అభిప్రాయం స్లైడుల నివేదిక వచ్చాకే ఇస్తామని ఎస్సై గారికి ఫోనులో చెప్పాను.