మెడ తిరగని సెప్టెంబర్: నా గ్రూప్-2 ప్రిపరేషన్‌లో ఒంటి సంగతి

గ్రూప్-2కి ఏ పుస్తకాలు చదవాలో, టైమ్ టేబుల్ ఎట్లా వేసుకోవాలో చాలామంది రాశారు. నేను ఒంటి గురించి రాస్తున్నాను. నా చదువు దాదాపు అక్కడే ఆగిపోయింది కాబట్టి.

2024 సెప్టెంబర్. హన్మకొండ నయీంనగర్‌లో రూమ్, రోజుకు పది గంటలు స్టడీ హాల్ కుర్చీ. ఒకరోజు పొద్దున లేచేసరికి మెడ కుడివైపు తిరగలేదు. రోడ్డు దాటాలంటే మనిషి మొత్తం తిరిగి చూడాల్సి వచ్చింది. డాక్టర్ చూసి భయమేమీ లేదు, కండరాలు పట్టేశాయన్నారు. వీడియోలు చూసి తలను చేత్తో పట్టి గట్టిగా లాగాను. ఇంకా బిగుసుకుంది.

మా పై పోర్షన్‌లో ఉండే ఫిజియోథెరపీ అక్క అది చూసి, "దాంతో ఎందుకు చెల్లె కొట్లాట? తిప్పగలిగిన దాంట్లో సగమే తిప్పు, నిదానంగా" అన్నది. ఆమె నేర్పింది ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి, అంటే మెల్లగా కదులుతూ ఒంటిని గమనించుకోవడం. మోషే ఫెల్డెన్‌క్రైస్ భౌతికశాస్త్రం చదివినవాడు, జూడో నేర్పినవాడు. మోకాలి దెబ్బతో అవస్థ పడుతూ తన కదలికలను తానే గమనించుకుని 1984లో చనిపోయేదాకా ఈ పద్ధతి మీద పనిచేశాడు. ఇందులో బలం పెట్టకపోవడమే అసలు పని. నెత్తిన బియ్యం బస్తా ఉంటే దాని మీద గుప్పెడు బియ్యం వేసినా తెలియదు. అరచేతిలో నాలుగు గింజలే ఉంటే ఐదోది పడ్డా తెలుస్తుంది. ఒళ్లూ అంతే. బలం తగ్గిస్తేనే ఎక్కడ బిగబడుతున్నామో తెలుస్తుంది.

మెడకు నేను చేసింది ఇది. కుర్చీ అంచున కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. తలను మెల్లగా కుడికి తిప్పి, సుఖంగా ఆగిన చోట ఏం కనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. నాకు మొదటిరోజు గోడ మీది క్యాలెండర్ కనిపించింది. మధ్యకు రండి. ఇప్పుడు తల కుడికి, కళ్లు మాత్రం ఎడమకు. మొదట అస్సలు కుదరదు. ఊపిరి బిగబట్టకుండా, దవడ వదులుగా ఉంచి ఐదారుసార్లు చేయండి. తర్వాత నిమిషం సేపు ఊరికే కూర్చోండి, ఈ విరామం మానొద్దు. మళ్లీ తలా కళ్లూ కలిపి తిప్పితే నాకు క్యాలెండర్ దాటి కిటికీ ఊచలు కనిపించాయి! మెడను ఎవరూ లాగలేదు. కళ్లూ మెడా ఎప్పుడూ ఒకే తీరుగా కదిలే అలవాటు కాస్త సడలింది, అంతే.

రాత్రి చాప మీద వెల్లకిలా పడుకుని ఏ మడమ ఎక్కువ ఆనిందో, నడుము కింద ఎంత సందు ఉందో చూసుకునేదాన్ని. రాసే చేయి వైపు భుజం చాపకు ఆనేదే కాదు. దాన్ని కిందికి నొక్కొద్దు, ఊరికే గమనిస్తే చాలు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేటప్పుడు కూడా బరువు ఏ పాదం మీద పడుతుందో చూసేదాన్ని. చేయి తిమ్మిరెక్కినా, నొప్పి కిందికి పాకినా ఇవన్నీ ఆపి డాక్టర్ దగ్గరికే పోండి.

డిసెంబర్ 15, 16 తేదీల్లో పరీక్ష. రోజుకు రెండు పేపర్లు, ఒక్కోటి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. హాల్లో తల తిప్పడం కుదరదు కదా, అక్కడికి పనికొచ్చేది దవడ, వేళ్లు, పాదాలు. మూడో పేపర్, ఎకానమీ. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. పళ్లు బిగబట్టి, పెన్నును ముద్దలా పట్టుకున్నానని అప్పుడు తెలిసింది. దవడ వదిలాను. కుర్చీ కింద ముడుచుకున్న కాళ్లను తీసి నేలకు ఆనించాను. పెన్ను పక్కన పెట్టి, రెండు ఊపిర్లయ్యాక మళ్లీ తీసుకుని, ఆ ప్రశ్న వదిలేసి తర్వాతిది చదివాను.