కర్రకు కట్టిన చేట

మా అమ్మ పోతూ పోతూ ఒక మొక్కు బాకీ పెట్టి పోయింది. మా అబ్బాయి చిన్నప్పుడు జ్వరం తలకెక్కి ఆస్పత్రిలో ఉంటే, "వీడు లేచి తిరిగితే నిలువెత్తు బంగారం ఇచ్చుకుంటా తల్లీ" అని మేడారం సమ్మక్కకు మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే, మనిషి బరువుకు సరితూగే బెల్లం. వాడు లేచాడు, తిరిగాడు, చదువుకుని బెంగళూరు వెళ్ళిపోయాడు. అమ్మ వెళ్ళిపోయింది. మొక్కు మాత్రం మా ఇంట్లోనే ఉంది. అప్పుడు పదిహేను కిలోలున్న పిల్లాడు ఇప్పుడు ఎనభై దాటాడు. ఏ బరువు లెక్కకు తీసుకోవాలని తమ్ముణ్ణి అడిగితే, "మొక్కిన నాటి బరువే అక్కా, సమ్మక్క వడ్డీ అడగదు" అన్నాడు.

అలా 2024 ఫిబ్రవరిలో సమ్మక్క-సారలమ్మ జాతరకు మేడారం బయలుదేరాం. పదిహేను కిలోల బెల్లం కొనబోతే హన్మకొండ షాపులో ఆధార్ జిరాక్స్ అడిగారు. గుడుంబా కాసేవాళ్ళకు పోకుండా ఈ ఏర్పాటట. నా వయసు, నా వాలకం చూశాక కూడా అడిగారు, అదొక సంబరం.

నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలని లేదు. గుంపంటే టెన్షన్, దుమ్ము పడదు, రెండు రాత్రులు చెట్ల కింద పడుకోవాలంటే నడుము ఒప్పుకోదు. కానీ ఆ బెల్లం మూట వంటింట్లో కూర్చుని నన్నే చూస్తున్నట్టు ఉండేది.

అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. పరకాల దగ్గర పల్లెలో ఆమె కాపురం. ఆమె తరం మేడారానికి ఎడ్లబండ్లు కట్టుకుని, దారిలో వండుకుంటూ వెళ్ళింది. 1996లో ఈ జాతరను రాష్ట్ర పండుగ చెయ్యడం, దారులు పడటం, బస్సులు పెరగడం అన్నీ తర్వాతి మాటలు. "సమ్మక్క చెప్పింది" అన్నది ఆమె ఊతపదం. వాన కురిసే రాత్రి హఠాత్తుగా లేచి, గిన్నెలో అన్నం సర్దుకుని, చెరువు కట్ట అవతల ఎవరింటికో బయలుదేరేది. "ఇప్పుడెందుకే?" అని నాన్న అరిస్తే, "పొమ్మన్నది, పోతున్న" అనేది. ఒకోసారి నిజంగానే ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఉండేది కాదు. ఒకోసారి వాళ్ళు కోడికూరతో తిని, మూతి తుడుచుకుంటూ ఎదురొచ్చేవాళ్ళు. అయినా అమ్మ చిన్నబోయేది కాదు. గిన్నె వెనక్కి తెచ్చి, మాకు పెట్టేసి పడుకునేది. మాకే సిగ్గుగా ఉండేది. దేవుడు తనతో మాట్లాడతాడని చెప్పే ఆడమనిషి కూతురిగా బడికి వెళ్ళడం అంత తేలిక కాదు.

బస్సులో అంతా ఆడవాళ్ళే. మహాలక్ష్మి పథకం వచ్చిన కొత్త, ఆడవాళ్ళకు జీరో టికెట్టు. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కకుండా ఎవరూ ముందుకు పోరు. మేమూ కొబ్బరికాయ కొట్టాం. పస్రా దాటాక అడవి, అడవి నిండా ట్రాక్టర్లు, ట్రాక్టర్ల నిండా మేకపోతులు. ఆ దారి గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. మేం కదిలిన దానికన్నా ఆగిందే ఎక్కువ.

గురువారం మధ్యాహ్నానికి చేరాం. ముందు రోజే కన్నెపల్లి నుంచి సమ్మక్క కూతురు సారలమ్మ గద్దెకు, అంటే పూజలందుకునే అరుగు మీదికి, వచ్చేసింది. ఆ సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క రావాలి. జాతరకు గుండెకాయ లాంటి ఘడియ అదే. విగ్రహం ఉండదు, రథం ఉండదు. కోయ పూజారులు గుట్ట మీద నుంచి తల్లిని కుంకుమ భరిణె రూపంలో తెస్తారు. గుట్ట దిగుతుంటే పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేలుస్తాడు. దారి పొడవునా ముగ్గులు, పూనకం వచ్చి ఊగే శివసత్తుల శిగాలు, తల్లికి ఎదురుగా గాల్లోకి విసిరే ఎదురుకోళ్ళు. అమ్మ ఎన్నోసార్లు చెప్పగా విని విని, నాకు రావడం ఇష్టం లేకపోయినా అదొక్కటి మాత్రం కళ్ళారా చూడాలని ఉండింది.

ముందు జంపన్న వాగులో మునిగాం. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయుల సైన్యంతో పోరాడి, దెబ్బలు తిని పడిపోయిన సంపెంగ వాగు ఇది. తడిబట్టలు మార్చుకుని చిలకలగుట్ట దారి వైపు కదిలాం. గుంపులో చెదిరిపోకుండా మా తమ్ముడు వెదురు కర్రకు ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె కట్టి పైకెత్తి పట్టుకున్నాడు. అక్కడ ప్రతి కుటుంబానికీ ఏదో ఒక గుర్తు ఉంటుంది.

ఘాట్ మెట్ల మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. పక్కన జిప్పు సంచి. సంచిలోంచి నల్లకోడి తల బయటికి పెట్టి చూస్తోంది. అవ్వ ఎవరినీ పిలవడం లేదు, ఏడవడం లేదు. నేను దాటేశాను. దాటాక లోపల ఏదో పట్టి లాగింది. దాన్ని గొంతు అనలేను. "ఆమె దగ్గరికి పో" అన్న తలంపు, అంతే. పోలీసులున్నారు కదా అనుకున్నాను. వాలంటీర్లు ఉన్నారు కదా అనుకున్నాను. ఇంకాసేపట్లో సమ్మక్క గుట్ట దిగుతుంది కదా అనుకున్నాను. ప్రతి సమాధానమూ సరైనదే. అయినా కాళ్ళు సాగలేదు.

నాకు తెలిసిన భక్తులు కొందరున్నారు. దేవుడు వాళ్ళకు ఎప్పుడూ వాళ్ళకిష్టమైన పనులే చెప్తాడు: ఫలానా చోట ప్లాటు కొను, ఫలానా సంబంధం ఖాయం చెయ్యి. అందుకే నాకు ఆ మాటల మీద గురి లేదు. కానీ ఆ సాయంత్రం నా లోపల నుంచి వచ్చిన మాట నాకు ఏమాత్రం ఇష్టం లేనిది. నా సొంత బుర్ర అయితే నన్ను నేరుగా గుట్ట దారికే తీసుకుపోయేది. ఆ ఒక్క కారణం వల్లే అది నాది కాదేమోనన్న అనుమానం పట్టుకుంది.

"మీరు పోండి, నేను వెనుక వస్త" అన్నాను. తమ్ముడు అవ్వను చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. మరదలు మాత్రం ఊరుకోలేదు. "అచ్చం అత్తమ్మ లెక్కనే చేస్తున్నవ్ వదినా" అంది. అది మెచ్చుకోలో విసుగో ఇప్పటికీ తేలలేదు.

"అవ్వా, ఎవరి కోసం చూస్తున్నవ్?"

"నా కొడుకు. ఈడ్నే కూసొమ్మని పోయిండు."

"ఎప్పుడు పోయిండు?"

"పొద్దుగాల."

"అయ్యో, తప్పిపోయినవా మరి?"

"నేనెందుకు తప్పిపోత? నేను కూసున్న కాడనే ఉన్న. వాళ్ళే తప్పిపోయిన్రు."

దానికి నా దగ్గర జవాబు లేదు. గోదావరి అవతల సిరొంచ వైపు నుంచి వచ్చారట. ఫోన్ నంబరు తెలియదు. వాళ్ళ గుర్తు మాత్రం చెప్పింది: కర్రకు చేట. ఇక ఇద్దరం తలలెత్తి నడక మొదలుపెట్టాం. గొడుగు, ఎర్ర జెండా, విరిగిన కుర్చీ, గులాబీ రంగు టెడ్డీబేర్, చీపురు, మళ్ళీ గొడుగు. చేట లేదు. అవ్వ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. మణికట్టు నుంచి పైదాకా పచ్చబొట్లు, గోళ్ళ సందుల్లో పసుపు. ఆ పట్టు సాయం అడిగే మనిషి పట్టులా లేదు. నన్ను తోలుకుపోతున్నట్టు ఉంది. మధ్యలో చాయ్ ఇప్పిస్తే ఒక గుక్క తాగి, "నీళ్ళు" అని పారబోసింది. నా సంచిలోంచి సోంపు తీసుకుంది. సంచి మాత్రం నాకిచ్చింది మోయమని, కోడితో సహా.

చివరికి తప్పిపోయినవాళ్ళ శిబిరానికి తీసుకెళ్ళాను. అక్కడంతా పిల్లల ఏడుపులు, మైకులో ఊళ్ళ పేర్లు. "పోరగాండ్లను పెట్టే కాడ నన్నెందుకు తెచ్చినవ్?" అని అవ్వ నా మీద లేచింది. మహిళా కానిస్టేబుల్ వివరాలు రాసుకుంటుంటే మూతి తిప్పుకుంది. పక్కన నాలుగేళ్ళ పిల్లవాడు ఊపిరి అందకుండా ఏడుస్తున్నాడు. బిస్కెట్ ఇచ్చినా ఆగలేదు. అవ్వ కాసేపు వాణ్ణి చూసి, సంచి జిప్పు తీసి, కాళ్ళు కట్టిన కోడిని వాడి ఒళ్ళో పెట్టింది. వాడు ఏడుపు మరిచిపోయి కోడి తురాయి మీద వేలు పెట్టి చూశాడు. వాళ్ళమ్మ వచ్చేదాకా మళ్ళీ నోరెత్తలేదు.

అప్పుడు దూరంగా తుపాకీ పేలింది. శిబిరం మొత్తం లేచి నిలబడింది. కానిస్టేబుల్ పెన్ను కింద పెట్టి చేతులు జోడించింది. మైకు అబ్బాయి ఊళ్ళ పేర్లు ఆపి, "సమ్మక్క తల్లికీ" అన్నాడు. జనం హోరు అడవిలోంచి అలలుగా వచ్చింది. నేను చూడాలనుకున్నది అక్కడ జరుగుతోంది. నేనిక్కడ, టార్పాలిన్ కింద.

"బిడ్డా, కోడిని ఇసురు" అంది అవ్వ.

"నేనా?"

"నా చెయ్యి లేస్తలేదు. జల్ది."

బతికున్న కోడిని నేను ఎన్నడూ ముట్టుకున్నదాన్ని కాదు. కాళ్ళ కట్టు విప్పి, కళ్ళు మూసుకుని పైకి విసిరాను. అది టార్పాలిన్‌కు తగిలి మైకు అబ్బాయి టేబుల్ మీద దిగింది. అక్కడి నుంచి రోడ్డు మీదికి, అక్కడ ఎవరో కుర్రాడి చంకలోకి, ఆ తర్వాత జనంలోకి. "పోనీ, తల్లికి ముట్టింది" అంది అవ్వ, తృప్తిగా.

బాగా పొద్దుపోయాక కొడుకు వచ్చాడు, చేట కట్టిన కర్రతో. మైకులో విన్నాడట. తల్లిని చూసి కన్నీళ్ళు పెట్టుకుంటాడనుకున్నాను. తిట్టాడు. అవ్వ రెండింతలు తిట్టింది. తర్వాత అతను సంచి తడిమి చూసి నా వైపు తిరిగాడు. "కోడేది?" అన్నాడు.

మరునాడు నలుగురు దేవతలూ గద్దెల మీద ఉండగా, తోపులాటలో బెల్లం మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి మొక్కు చెల్లించాం. అమ్మ బాకీ తీరింది. తిరుగు బస్సులో మరదలు అడిగింది, "సమ్మక్క రాకడ చూడకపోతివి, బాధ లేదా వదినా?" ఉంది అన్నాను. ఇప్పటికీ ఉంది. ఆమె ఫోన్‌లో తీసిన వీడియోలో దుమ్మూ చేతులూ తప్ప ఏమీ కనబడవు.

2026 జనవరిలో మళ్ళీ జాతర. ఈసారి మొక్కేం లేదు. వెళ్ళాల్సిన పని లేదని హాయిగా ఉన్నాను. సరిగ్గా అప్పుడే ఆ శిబిరం తలపుకొచ్చి కూర్చుంది, కదలనంది. గొణుక్కుంటూనే వెళ్ళాను. రిజిస్టరు రాసే వాలంటీర్ల పక్కన కూర్చున్నాను. వాళ్ళ కాగితంలో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు గడులున్నాయి. చిన్నపిల్లలకూ ముసలివాళ్ళకూ ఆఖరి గడి ఎప్పుడూ ఖాళీయే. నేను స్కేలుతో ఇంకో గీత గీసి, "మీ కర్రకు ఏం కట్టిన్రు?" అని అడిగి రాయడం మొదలుపెట్టాను. గొడుగు. బిందె. పాత టైరు. సాయంత్రం ఒక ఎస్సై వచ్చి రిజిస్టరు తిరగేసి, "మేడం, ఇక్కడ సామాన్లు కూడా తప్పిపోతున్నయా?" అని అడిగాడు.