పోనీలే అనుకుంటేనే పోనీ దగ్గరికొచ్చింది

పోయిన అక్టోబర్‌లో మా దగ్గరికి రెండు ఎక్స్‌మూర్ పోనీలు (పొట్టి జాతి గుర్రాలు) వచ్చాయి, ఇక్కడ ఇంగ్లాండ్‌లో, సోమర్‌సెట్‌లో మేం కౌలుకి తీసుకున్న నాలుగెకరాల్లోకి. అప్పట్నుంచీ ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న, ఎక్కి తిరుగుతున్నారా అని. ఎక్కడం సంగతి దేవుడెరుగు, నెల దాకా చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. మా అమ్మైతే "గుర్రాలెందుకే, ఆ డబ్బుతో రెండు గేదెలు కొనుక్కున్నా పాలిచ్చేవి" అంది.

ఇవి మచ్చికైన గుర్రాలు కావు. సుద్దనేల కొండల మీద, మనిషి చెయ్యి తగలకుండా, మేతకి వదిలేసిన మందలోవి. పెద్దవేం కాదు, ఎక్స్‌మూర్ పోతు గుర్రం ఎత్తు 12.3 హ్యాండ్స్ దాటకూడదు, హ్యాండ్ అంటే నాలుగంగుళాలు, పన్నెండు హ్యాండ్స్ మీద మూడంగుళాలు, మొత్తం 51 అంగుళాలు, మూపు దగ్గర కొలిస్తే నా ఛాతీ దాకా వస్తుందంతే. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, మూతి మాత్రం పిండి డబ్బాలో పెట్టి తీసినట్టుంటుంది, కళ్ల చుట్టూ ఉబ్బెత్తుగా ఒక రెప్ప ఉంటుంది, కప్ప కన్ను అంటారు ఇక్కడ, వాన నీళ్లు కంట్లో పడకుండా పక్కకి జారిపోతాయి. చలికాలం రెండు పొరల బొచ్చు, మంచు పడితే వీపు మీద కరక్కుండా అలాగే పేరుకుని ఉంటుంది, ఎందుకంటే ఒంటి వేడి బయటికి రాదు. షెడ్డు కట్టించి పెట్టాం, ఒక్కరోజు కూడా అందులోకి పోలేదు, వానలో నిలబడి మమ్మల్నే జాలిగా చూసేవి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఈ జాతి మొత్తం మీద ఓ యాభై మిగిలాయట, సైనికులు గురి చూసుకోడానికి కాల్చినవి కొన్ని, మాంసానికి దొంగలెత్తుకుపోయినవి కొన్ని. మేరీ ఎథరింగ్టన్ అనే ఆవిడ వెంటపడి రైతుల్ని కదిలించబట్టి మళ్లీ మందలు లేచాయి. లేకపోతే ఈపాటికి ఫోటోల్లో చూసుకునేవాళ్లం.

ఆ కొండ మీద మావి చేసిన పనిని కన్సర్వేషన్ గ్రేజింగ్ అంటారు, పూలూ పురుగులూ బతకడానికి కావాలనే పశువుల చేత మేపించడం. మిషన్ పెట్టి గడ్డి కోస్తే అంతా ఒక్క ఎత్తున తెగిపోతుంది కదా, పోనీని వదిలితే అలా ఉండదు. ఆవుకి పైన ముందు పళ్లుండవు, నాలుకతో చుట్టి లాగుతుంది, పోనీకి పైనా కిందా ఉంటాయి కాబట్టి కత్తెరేసినట్టు నేలకంటా కొరుకుతుంది, ఒకచోట గుండు కొట్టినట్టు మేస్తుంది, లద్దె వేసే చోట అస్సలు ముట్టుకోదు, అక్కడ గడ్డి ఎత్తుగా పెరుగుతుంది. ఆ ఎగుడుదిగుడే కావాలి చిన్న చిన్న పూలకీ సీతాకోకచిలకలకీ. మిగతా పశువులు మొహం తిప్పుకునే గరుకు గడ్డి, చలికాలంలో గోర్స్ ముళ్లపొదలు కూడా నమిలేస్తాయి. ససెక్స్‌లో వ్యవసాయం మానేసి ప్రకృతికి వదిలేసిన నెప్ ఎస్టేట్‌లో 2003 నుంచి ఈ జాతినే తిప్పుతున్నారు.

మరి పనికొచ్చేవాటిని మంద చూసుకునేవాళ్లు బయటివాళ్లకి ఎందుకు ఇచ్చేస్తారు అంటే, పని అయిపోయింది కాబట్టి. పొదలు తగ్గాయి, అన్ని నోళ్లకి మేత చాలదు, ఎక్కువుంటే పువ్వుల్ని కూడా మిగల్చవు. పైగా వాకింగ్‌కి వచ్చేవాళ్లు యాపిల్ ముక్కలు అలవాటు చేస్తారు, దాంతో కొన్ని జనాల జేబులు వెతకడం మొదలెడతాయి, అలాంటివాటిని అక్కడ ఉంచలేరు. మనం ఇల్లు దొరికిందా లేదా అని చూస్తాం గానీ అసలు లెక్క అది కాదు, బయట ఇళ్లు దొరక్కపోతే మందలో పిల్లల్నే పుట్టనివ్వరు, పిల్లలు పుట్టకపోతే జాతి నిలవదు.

మావి రెండూ మూడేళ్లవి, విత్తులు కొట్టించి ఇచ్చారు. ఒక్కటే చాలు అన్నాడు మా ఆయన, ఒక్కదాన్ని ఇవ్వం అన్నారు వాళ్లు, మంద జంతువుని ఒంటరిగా పెడితే బెంగతో కంచె వెంబడి తిరుగుతూనే ఉంటుందట. లారీలో కట్టకుండా వదులుగా తీసుకొచ్చారు, జన్మలో తాడు ఎరగనిదాన్ని కడితే మెడ విరుచుకుంటుంది. లారీ వెనక తలుపు నేరుగా దొడ్డి గేటుకి ఆనించి తెరిచారు. రెండూ దూకలేదు, పరిగెత్తలేదు, మెల్లిగా దిగి ఆ మూల నిలబడి మా వైపు వెనక తిప్పేశాయి. అదీ మాకు దొరికిన మొదటి మర్యాద.

మా అమ్మాయి క్యారెట్ చూపించింది. పామును చూసినట్టు నాలుగడుగులు వెనక్కేశాయి. అసలు క్యారెట్ తిండి అని వాటికి తెలీదు, బకెట్ కూడా తెలీదు, చెరువులో తాగినవి కదా, సాయంత్రం దాకా నీళ్లే ముట్టలేదు, చివరికి నేల మీద పెద్ద తొట్టి పెట్టి అంచు దాకా నింపితే అప్పుడు తాగాయి.

నేను చేసిన తప్పు ఏంటంటే మొదటి రెండు వారాలు తెగ ప్రేమగా కళ్లల్లోకి చూస్తూ ఎదురుగా వెళ్లేదాన్ని. పులి కూడా అలాగే వస్తుంది కదా మరి! పక్క ఊరి ముసలాయన, ఏళ్లతరబడి ఇలాంటివాటిని మచ్చిక చేసినాయన, వచ్చి చూసి నవ్వి, ఒక పొడుగు వెదురు కర్ర తెచ్చి కొసకి గుడ్డ చుట్టి ఇచ్చాడు. చెయ్యి ఆ కర్ర చివర ఉందనుకో, దూరంగా నిలబడి మూపు మీద గోకు, అది కదిలితే కర్ర దానితోపాటే వెళ్లనీ, నిలబడగానే నువ్వే తీసెయ్యి అన్నాడు. కిటుకంతా ఆ తీసెయ్యడంలోనే ఉంది. నిలబడితే వదిలేస్తారు అని దానికి అర్థమవ్వాలి. నేనేమో ఆగింది కదా అని ఇంకో రెండుసార్లు గోకేదాన్ని, అంతే, మళ్లీ మొదటికొచ్చేది. పోనీలే ఇవాళ్టికి చాలు అనుకుని వెనక్కి తిరిగిన రోజునే వెనకాల నాలుగడుగులు వేసింది.

రోజూ కర్రని ఓ బెత్తెడు ముందుకి పట్టుకుంటూ వచ్చాను. ముప్పై మూడో రోజు కర్రకీ నా చేతికీ తేడా లేకుండా పోయింది. బుజ్జి (మేం పెట్టుకున్న పేరు, పాస్‌పోర్టులో, అంటే గుర్రం గుర్తింపు పుస్తకంలో, ఇంకేదో పెద్ద పేరుంది) బొచ్చులోకి వేళ్లు పోనిచ్చాను, పైన తడిగా బిరుసుగా ఉంది, లోపల పొర పొడిగా, వెచ్చగా, అప్పుడే ఎండలోంచి తీసిన దుప్పటిలా. జూలు మొదట్లో గోకేసరికి పై పెదవి ఇంత పొడుగు సాగి ఒకపక్కకి వంకరపోయి అదిరింది, కళ్లు సగం మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. రెండోది, పండు, మాత్రం దూరం నుంచి గుడ్లప్పగించి చూస్తోంది.

డిసెంబర్‌లో పొలంలోకి వదిలినప్పుడు ఇంకో గొడవ. మాది ఒకప్పుడు పాడి ఆవుల పొలం, రై గడ్డి, తీపి ఎక్కువ, గరుకు గడ్డి తిని బతికినవాటికి అది విషం లాంటిది, ఒళ్లు చేసి లామినైటిస్ వస్తుంది, గిట్టల లోపల వాచి నడవలేవు. అందుకని పొలం అంచు చుట్టూ సన్నని దారిలా కరెంటు టేపు కట్టి అందులోనే తిరిగేలా చేశాం. మొదటి రాత్రే రెండూ టేపుని తోసుకుని నడి పొలంలో మేస్తున్నాయి, ఆ బొచ్చు మందానికి షాక్ చర్మం దాకా పోలేదు! టేపు మూతి ఎత్తుకి దించాక గానీ దారికి రాలేదు.

నులిపురుగుల మందు కూడా ఊరికే వెయ్యకూడదట, ఐవర్‌మెక్టిన్ లాంటివి లద్దెలోకి దిగి పేడపురుగుల్ని చంపుతాయి. ముందు లద్దె శాంపిల్ పంపి అందులో పురుగుల గుడ్లు లెక్కపెట్టిస్తాం, అవసరమైతేనే మందు. కాగితాల పని చిన్నదే, ఇంగ్లాండ్‌లో 2020 అక్టోబర్ నుంచి పెంచుకునే ప్రతి గుర్రానికీ చిప్ ఉండాల్సిందే, ఓనర్ మారితే 30 రోజుల్లో పాస్‌పోర్టు మార్పించుకోవాలి.

పాపం వాటిని కాపాడదాం అనుకుని తెచ్చుకునేవాళ్లని చూస్తే మాత్రం నాకు భయం. వీటికేం పాపం, కొండ మీద మనకన్నా బాగా బతికాయి. ముప్పై ఏళ్ల దాకా ఉంటాయి, ఇప్పుడు తెచ్చుకుంటే మా అమ్మాయి పెళ్లి కూడా చూస్తాయేమో. మా అమ్మాయికి ఎక్కాలనుంది, ఇంకో ఏడాది ఆగమన్నాను. ఎక్కనిచ్చినా సరే ఎక్కనివ్వకపోయినా సరే అనుకునేవాళ్లే వీటికి సరిపోతారు, నా ఉద్దేశం.

పోయిన వారం గిట్టలు చెక్కే ఆయన వచ్చాడు, కొండ రాళ్ల మీద వాటంతటవే అరిగేవి, ఇక్కడ మెత్తటి నేల కదా, పెరిగిపోతున్నాయి. బుజ్జి నాలుగు కాళ్లూ ఇచ్చింది, మధ్యలో ఆయన టోపీ లాగేసింది. పండు ముందు కాళ్లు రెండూ ఇచ్చి వెనకవి ఇవ్వలేదు. ఆయన మళ్లీ ఆరు వారాలకి వస్తానన్నాడు, ఈలోపు పొద్దున్నే వెళ్లి వెనక తొడ మీదినుంచి కిందికి ఆ కర్రతోనే గోకుతున్నా, మోకాలి దాకా వచ్చాం.